మీకు తెలుసా? మనూర్ దారిలో మూడు రాష్ట్రాల ముచ్చట!

చెవి ఇటు పెట్టండి. మనూర్ పక్కన ఒక తాత ఉన్నాడనుకోండి. 1940లో పుట్టాడు. పుట్టిన ఇంట్లోనే ఉన్నాడు. ఊరు దాటలేదు, ఇల్లు మారలేదు. అయినా తాతకు ఎన్ని చిరునామాలో తెలుసా? మొదట నిజాం రాజ్యం, బీదర్ జిల్లా. తర్వాత భారతదేశంలో హైదరాబాద్ రాష్ట్రం, అదే బీదర్. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్, మెదక్ జిల్లా. తర్వాత తెలంగాణ, మెదక్. ఇప్పుడు తెలంగాణ, సంగారెడ్డి. మొత్తం 5 చిరునామాలు! తాత మాత్రం అదే అరుగు మీద కూర్చున్నాడు!

అవునండీ, మన నారాయణఖేడ్ ఒకప్పుడు బీదర్ జిల్లా తాలూకా! 1956 నవంబర్ 1న తెల్లవారేసరికి మెదక్ జిల్లాలో ఉంది. బీదర్‌లోని మిగతా తాలూకాలు కొన్ని మైసూరుకు, కొన్ని బొంబాయి రాష్ట్రానికి పోయాయి. చుట్టాలు ముగ్గురు ముఖ్యమంత్రుల కిందికి వెళ్ళారు. పెళ్ళిళ్ళు, పేరంటాలు ఆగాయా? ఎందుకాగుతాయి!

ఊరి పేర్లు వినండి. మనూర్‌లో 'ఊరు' ఉంది. అది తెలుగుకూ కన్నడానికీ ఉమ్మడి సొత్తు. నారాయణఖేడ్‌లో 'ఖేడ్' ఉంది. మరాఠీలో దానికి ఊరు అనే అర్థం! ఒకే బస్సు బోర్డు మీద రెండు పేర్లు, వాటిలో 3 భాషలు! రాష్ట్రాల గీత గీసిన పెద్దలు ఈ పేర్ల జోలికి రాలేదు. వచ్చినా జనం 'ఖేడ్' అనడం మానేవారా?

ఇప్పుడు ఇంకో గమ్మత్తు. సెప్టెంబర్ 17. ఒకటే తారీఖు! 1948లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసిన రోజు. ఖేడ్ నుంచి బీదర్ వెళ్ళండి, ఆ రోజు 'కళ్యాణ కర్ణాటక ఉత్సవం'. ఇంకొంచెం పోయి మరాఠ్వాడాలో అడుగు పెట్టండి, 'మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం'. వెనక్కి తిరిగి మన దగ్గరికి రండి. ఇక్కడైతే ఒకరు విమోచనం అంటారు, ఒకరు విలీనం అంటారు. 2022లో ప్రభుత్వం సమైక్యతా దినం అంది, 2024లో ప్రజాపాలన దినోత్సవం అంది! ఒక్క పొద్దు, ఇన్ని పేర్లు! ప్రతి పేరు వెనకా ఒక నాయకుడు!

మరి నాయకులు జాతి తీరును నిజంగా ఎంత మారుస్తారు? రండి, ఒక్కొక్క గుట్టూ విప్పుదాం. మొదటి గుట్టు మీ జేబులోనే ఉంది!

మన దేశంలో అణాలు పోయి నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. ప్రభుత్వం చెప్పింది, దేశమంతా విన్నది. 16 అణాల రూపాయి 100 పైసలయింది. మరి ఖేడ్ సంతలో 'చారాణా కోడికి బారాణా మసాలా' అనేది ఎవరు? మనమే!

ఇంకా వినండి. చారాణా బిళ్ళ చెల్లడం 2011 జూన్ 30తో ఆగిపోయింది. ఆ తర్వాత పుట్టిన పిల్లలు ఆ బిళ్ళను చేత్తో పట్టుకుని ఉండరు. కానీ మనూర్ కిరాణా కొట్టు ముందు నిలబడండి. 'చారాణా పని చేయడు, బారాణా మాటలు చెప్తాడు' అని పదేళ్ళ పిల్లవాడు ఇంకో పిల్లవాణ్ణి తిడుతుంటే నా చెవులతో విన్నాను! నాణెం చచ్చిపోయింది. మాట బతికే ఉంది!

భూమి లెక్క చూస్తారా? మెట్రిక్ కొలతలు వచ్చి అరవై ఏళ్ళు దాటింది. హెక్టార్లు, ఆర్లు అని పుస్తకాల్లో చదువుకున్నాం. పాస్‌బుక్ తెరవండి. ఎకరాలు, గుంటలు! 40 గుంటలు ఒక ఎకరం. భూమి రికార్డులు కంప్యూటర్‌లోకెక్కి ధరణి వచ్చినా గుంటే. ధరణి పోయి భూభారతి వచ్చినా గుంటే! జనం నోటి లెక్కను కంప్యూటర్ కూడా ఒప్పుకుంది!

'పట్వారీ' అనే మాట ఎన్నేళ్ళుగా లేని ఉద్యోగం పేరో తెలుసా? ఎన్టీఆర్ పటేల్ పట్వారీ వ్యవస్థను 1984లో ఎత్తేశారు. నలభై ఏళ్ళు దాటిపోయింది! అయినా పొలం గట్టు తగాదా వస్తే ముసలివాళ్ళు ఇప్పటికీ 'పట్వారీ లెక్క తియ్యి' అంటారు. కుర్చీ పోయింది, పేరు పోలేదు!

ఇంకొకటి! 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తహసీల్దార్ పోయి ఎమ్మార్వో వచ్చాడు. అంతా 'ఎమ్మార్వో ఆఫీసు' అనడం నేర్చుకున్నారు. తర్వాత ఏమయింది? బోర్డు మీదికి మళ్ళీ తహసీల్దారే తిరిగొచ్చాడు! నిజాం నాటి మాట మండలాల కాలంలో కూడా గెలిచింది!

బండి నంబరు చూశారా? మన జిల్లా బండ్ల వెనక నిలబడితే చరిత్ర పుస్తకం అక్కర్లేదు! పాత ట్రాక్టరు మీద ఏపీ 23. దాని పక్కన బైకు మీద టీఎస్ 15. కొత్త ఆటో మీద టీజీ 15. 2024 మార్చి నుంచి ఈ చివరిది. మూడు గుర్తులు, ఒకటే దుమ్ము!

ఇంత విన్నాక నాయకులు బోర్డులే మారుస్తారు, అంతే అనుకుంటున్నారా? తొందరపడకండి! ఇప్పుడు పళ్ళెంలోకి చూడండి.

1983. కిలో బియ్యం 2 రూపాయలు! ఎన్టీఆర్ మాట. జొన్న తిని బతికిన నేల మీద ఆ ఒక్క మాట ఏం చేసిందో తెలుసా? అన్నం పండగ నాటి తిండి. అది రోజువారీ తిండి అయింది! కూలి తల్లి పొయ్యి మీద రోజూ అన్నం ఉడికింది. భాషను ఏ ఫర్మానా ఇంత తొందరగా మార్చలేదు. ఆకలిని తీర్చిన సంతకం పొయ్యి దాకా వచ్చింది! ఇది చిన్న సంగతి కాదు. పేదింటి పిల్లలు కడుపు నిండా తిన్నారు. దానికి నేను దండం పెడతాను.

ఆ సంతకం ఇంకా ఆగలేదు! 2025 ఉగాది నాడు తెలంగాణలో సన్నబియ్యం మొదలైంది. మనిషికి నెలకు 6 కిలోలు, ఉచితం! దొడ్డు బియ్యం నుంచి సన్నం దాకా, ప్రతి నాయకుడూ పళ్ళెం మీద తన గుర్తు పెట్టాలనే చూశాడు!

మరి జొన్న ఏమయింది? ఇక్కడే అసలు అబ్బురం! సరిగ్గా అదే 1983లో, జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. మన పక్క తాలూకాలోనే! పేద దళిత మహిళలు సంఘాలు కట్టారు. పడావు భూముల్లో జొన్న, కొర్ర, సామ వేశారు. బియ్యం చౌకగా వచ్చిన ఏడే పాత పంటలకు కాపలా కూడా పుట్టింది! ఒకటే ఏడాది, రెండు దారులు!

ఆ అమ్మలు అక్కడితో ఆగారా? సొంత రేడియో పెట్టారు! 2008లో సంఘం రేడియో మొదలైంది. మైకు ముందు కూర్చున్నది పొలం పని చేసే ఆడవాళ్ళు! మాట్లాడింది వాళ్ళ ఊరి తెలుగు! ఏ మంత్రీ ఆ యాసను దిద్దలేదు.

సంక్రాంతికి ఆ వైపు వెళ్ళండి. ఎడ్లబండ్ల మీద విత్తనాల కుండలు ఊరేగుతాయి! పాత పంటల జాతర. దాదాపు నెల రోజులు, ఊరూరా! తర్వాత ఎప్పటికో ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల ఏడాది అంది. మన అమ్మలు దానికి ఎన్నో ఏళ్ళ ముందే బండి కట్టారు!

మనూర్ వైపు ఒక ఇంట్లో రొట్టె కొడుతుంటే చూశాను. జొన్నపిండిలో కాగిన నీళ్ళు పోసింది ఆ తల్లి. వేళ్ళు కాలుతున్నా పిసికింది. ఉండను పీట మీద పెట్టి అరచేత్తో చప్ చప్ చప్! చుట్టూ తిరుగుతూ రొట్టె పెద్దదయింది. కర్ర లేదు, పీటకు అంటుకోలేదు. పెంక మీద వేసి పైన తడి గుడ్డ తిప్పింది. నేను లెక్కపెట్టాను. ఒక్క రొట్టెకు 60 పైచిలుకు దెబ్బలు! మూలన చూస్తే రేషన్ బియ్యం సంచి ఉంది. మధ్యాహ్నం అన్నం, రాత్రి రొట్టె. రెండూ ఆ ఇంటివే!

ఇచ్చిన సంతకం నిలిచింది కదా. వద్దన్న సంతకం సంగతి చూద్దామా? 1995 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో పోయింది. రెండేళ్ళు! అంతే!

కానీ ఆ నిషేధం పుట్టింది సెక్రటేరియట్‌లో కాదండీ! 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో. అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు! ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుంది. నాయకులు దాని వెనక పరుగెత్తారు!

ఇప్పుడు దేశాలు తిరిగొద్దాం, గట్టిగా పట్టుకోండి! ఫ్రాన్స్‌లో విప్లవం నడిపినవాళ్ళు వారానికి ఎన్ని రోజులు పెట్టారో తెలుసా? 10! ఏడో రోజు సెలవు పోయి పదో రోజుకు వెళ్ళింది. జనం ఊరుకుంటారా? తొమ్మిదేళ్ళు తిరక్కముందే పాత వారం తిరిగొచ్చింది!

రష్యాలో పీటర్ చక్రవర్తి గడ్డం మీద పన్ను వేశాడు! పెద్ద వర్తకుడైతే ఏడాదికి 100 రూబుళ్ళు. కట్టినవాడికి ఒక బిళ్ళ ఇచ్చేవారు. అది జేబులో ఉంటేనే గడ్డం ఉంచుకోవాలి! ఇప్పుడు ఆ బిళ్ళలు మ్యూజియంలో ఉన్నాయి. గడ్డాలు వీధుల్లో ఉన్నాయి!

థాయ్‌లాండ్‌లో పిబున్ అనే ప్రధాని 1939 నుంచి 12 సాంస్కృతిక ఆజ్ఞలు వేశాడు. జనం టోపీలు పెట్టుకోవాలన్నాడు. రాతలో అక్షరాలు కూడా తగ్గించాడు. టోపీలు పోయాయి. తీసేసిన అక్షరాలు తిరిగొచ్చాయి. మరి ఏది మిగిలింది? ఆయన ప్రచారం చేయించిన పాడ్ థాయ్ నూడుల్స్! మళ్ళీ పళ్ళెమే గెలిచింది, చూశారా!

అన్నీ ఓడిపోతాయనుకోకండి! టర్కీలో అతాతుర్క్ 1928లో లిపినే మార్చేశాడు. అరబిక్ అక్షరాలు పోయి లాటిన్ అక్షరాలు 29 వచ్చాయి. ఇప్పటికీ అవే! బళ్ళో పాపకు మొదటి రోజు నేర్పింది ఆ అక్షరాలే, ఇంకేం కావాలి? అక్కడ తాత రాసిన ఉత్తరం మనవడు చదవలేడు! తలుచుకుంటే నాకు గుండె కలుక్కుమంటుంది.

కానీ అదే టర్కీ, అదే నాయకుడి కాలం! మసీదు పిలుపు అరబిక్‌లో వద్దు, టర్కిష్‌లో ఇవ్వాలన్నారు. 1932లో మొదలు. 1950లో జనం వేసిన ఓట్లతో ప్రభుత్వం మారింది, అరబిక్ పిలుపు ఆ ఏడే తిరిగొచ్చింది! 18 ఏళ్ళు! చేతిరాత మారింది. చెవికి అలవాటైన పిలుపు మారలేదు!

జర్మనీ గోడ గుర్తుందా? తూర్పు, పడమర అని ఒకే జాతిని 28 ఏళ్ళు విడదీసింది. గోడ కూలాక పండితులు జనాన్ని అడిగారు. ప్రభుత్వం ఎంత చూసుకోవాలి, మనం ఎంత చూసుకోవాలి అని. రెండు వైపులా వేరు వేరు జవాబులు! ఆ తేడా చెరగడానికి 20 నుంచి 40 ఏళ్ళు పడుతుందని లెక్క కట్టారు. ఇటుకలు పోయినా గోడ తలల్లో మిగిలింది!

ఇంకో లెక్క చూడండి, ఒళ్ళు జలదరిస్తుంది! పదవిలో ఉండగానే జబ్బుతోనో ప్రమాదంలోనో పోయిన 57 మంది దేశాధినేతల్ని ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలించారు. నాయకుడు పోయాక దేశం సంపాదన తీరు మారిందా అని. మారింది! కానీ ఎక్కువగా ఎక్కడ? ఒక్కడి మాటే చెల్లే దేశాల్లో! పార్లమెంటు, ఓటు, ఎదురు చెప్పే నోరు ఉన్నచోట ఒక్క మనిషి పోయినా బండి అదే బాటలో నడిచింది!

మన దగ్గరికి తిరిగొద్దాం. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంలో పుట్టింది. జనంలో దాదాపు సగం మంది ఇంట్లో మాట్లాడేది మాత్రం తెలుగు! సరిగ్గా 100 ఏళ్ళు తిప్పండి. 2018లో తెలంగాణలో బడుల్లో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది! ఒక శతాబ్దం అటు, ఒక చట్టం ఇటు!

మధ్యలో ఏం జరిగింది? 1921 నవంబర్‌లో హైదరాబాద్ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ రాత్రే కొందరు కూర్చున్నారు. ఆంధ్ర జన సంఘం పుట్టింది! ఒక్క వెక్కిరింపు, ఒక ఉద్యమం!

ఆ ఉద్యమం మన ముంగిట్లోకి వచ్చింది, తెలుసా? 1930లో మొదటి ఆంధ్ర మహాసభ ఎక్కడ జరిగింది? హైదరాబాద్‌లో కాదు, వరంగల్‌లో కాదు. జోగిపేటలో! ఇప్పుడు మన సంగారెడ్డి జిల్లా జోగిపేటే! అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. మన జిల్లా పిల్లలకు ఈ సంగతి ఒకటో తరగతిలోనే చెప్పాలని నా పట్టుదల!

ఆ ప్రతాపరెడ్డే ఇంకో పని చేశారు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అన్నారు. ఆయన కోపంతో ఊగిపోలేదు. ఊరూరికీ జాబులు రాశారు, పద్యాలు తెప్పించారు. 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. లోపల ఎంతమందో ఊహించండి. 354 మంది! గద్దె లేదు, సైన్యం లేదు. ఒక పత్రిక, కొన్ని పోస్టు స్టాంపులు!

పాలకులు భాషను చంపారనే మాటే వింటాం కదా. ఇది వినండి! అచ్చ తెలుగులో మొదటి కావ్యం 'యయాతి చరిత్ర'. పొన్నెగంటి తెలగన్న రాశాడు, 16వ శతాబ్దంలో. అంకితం ఎవరికో తెలుసా? పటాన్‌చెరు పాలకుడు అమీన్ ఖాన్‌కు! సంస్కృతం కలవని తెలుగును కోరి రాయించుకున్నది కుతుబ్‌షాహీల కాలపు ఖాన్! పటాన్‌చెరు కూడా మన జిల్లానే!

ఇప్పుడు బీదర్ వైపు ఒక్క అడుగు. బసవకల్యాణం! 12వ శతాబ్దంలో బసవేశ్వరుడు అక్కడ బిజ్జలుడి మంత్రి. మంత్రి పదవి పోయింది, రాజు పోయాడు, రాజ్యం కూడా పోయింది. మన ఖేడ్ వైపు లింగాయత్ ఇళ్ళలో ఆయన పేరు మిగిలింది! ఎనిమిది వందల ఏళ్ళు దాటింది!

ఆ బసవన్న కథను పాల్కురికి సోమనాథుడు తెలుగులో రాశాడు. దాన్ని చూసి భీమకవి కన్నడంలో రాసుకున్నాడు, 1369లో! కన్నడ గురువు కథ తెలుగు గుండా కన్నడానికి తిరిగి వెళ్ళింది! ఈ ఇచ్చిపుచ్చుకోవడాలకు ఏ సర్కారూ జీవో ఇవ్వలేదు!

బతుకమ్మ ముచ్చట లేకపోతే ఎలా? 2014లో రాష్ట్ర పండుగ అయింది. 2016లో హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో ఒక్కసారే 9,292 మంది ఆడవాళ్ళు ఆడి గిన్నిస్ రికార్డు కొట్టారు! ప్రభుత్వం పందిరి వేసింది. బాగుంది, సంతోషమే! కానీ తంగేడు పువ్వు ఏ కొమ్మకు ముందు తెంపాలో ఆ ఆడవాళ్ళకు నేర్పింది వాళ్ళ అమ్మమ్మలు!

సముద్రం దాటిపోదాం. మారిషస్‌లో ఉగాది సర్కారీ సెలవు! ఆ దేశం స్వతంత్రమైంది 1968లో. అంతకు ఎంతో ముందే చెరకు తోటల్లోకి కూలికి పోయిన తెలుగువాళ్ళు మోసుకుపోయిన పండుగ అది. వాళ్ళ వెంట ఏ నాయకుడూ ఓడ ఎక్కలేదు!

అమెరికా సంగతి వేరు! 2010 నుంచి 2017 లోపల అక్కడ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు 86 శాతం పెరిగారు! ఏ సభా తీర్మానం చేయలేదు. ఇంజనీరింగ్ సీటు, కంప్యూటర్ ఉద్యోగం, విమాన టికెట్. నాయకులు దారి వేశారు, నిజమే. తెలుగును పెట్టెలో పెట్టుకుపోయింది మాత్రం పిల్లలే!

చివరికి దాచిపెట్టిన ముత్యం ఒకటి ఉంది. పంచాయతీల్లో మూడో వంతు పదవులు ఆడవాళ్ళకు ఇవ్వాలని రాజ్యాంగంలో రాసినప్పుడు ప్రధాని ఎవరు? మన పి.వి. నరసింహారావు! 1993 ఏప్రిల్ 24న అది అమల్లోకి వచ్చింది. వంగర ఊరి తెలుగాయన కాలపు చట్టం దేశంలోని ప్రతి ఊరి కుర్చీనీ కదిలించింది!

దాని ఫలితం బెంగాల్‌లో కొలిచారు. 495 ఊళ్ళు తిరిగారు! ఆడమనిషి రెండు దఫాలు సర్పంచ్ కుర్చీలో కూర్చున్న ఊళ్ళో ఏమయిందో తెలుసా? కొడుకు మీద ఉన్న ఆశకూ, కూతురి మీద ఉన్న ఆశకూ మధ్య తేడా తగ్గిపోయింది! చదువులో ఆడపిల్లలు మగపిల్లల్ని అందుకున్నారు! ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. రోజూ కళ్ళ ముందు ఒక అమ్మ కుర్చీలో కనిపించింది. పిల్ల చూసింది! నాయకులు చేసిన మార్పుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే!

మన తెలంగాణ పంచాయతీల్లో ఇప్పుడు ఆడవాళ్ళ వాటా 50 శాతం! మీ ఊరి పంచాయతీ ముందు నుంచి పోయేటప్పుడు ఒక్క క్షణం ఆగండి. గోడ మీద సర్పంచ్‌ల పేర్ల బోర్డు ఉంటే పై నుంచి కిందికి చదవండి. ఆడ పేర్లు ఎక్కడ మొదలయ్యాయో వేలు పెట్టి చూడండి!

అటు నుంచి అటే ఖేడ్ బస్టాండ్‌కు రండి. బీదర్ బస్సు కోసం నిలబడి చెవులు రిక్కించండి. ఒకామె కొడుకును కన్నడంలో పిలుస్తుంది. కొడుకు తెలుగులో పలుకుతాడు. కండక్టర్‌తో ఉర్దూలో బేరం. వెనక నుంచి ఎవరో మరాఠీలో నవ్వుతారు. నేను 4 దాకా లెక్కపెట్టాను, బస్సు వచ్చేసింది! మీరెన్ని లెక్కపెట్టారో చెప్పండి!